పూల్డ్ కోటా పురుడు

మా ఊరి పెద్దాసుపత్రి గేటుకి ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపు నాది. నా పేరు మస్తాన్‌రావు. ఆధార్ జిరాక్సులు, పాస్‌పోర్టు ఫొటోలు, రైలు టికెట్లు, కరెంటు ఉంటే లామినేషనూ చేస్తాను. రైలు టికెట్ల విషయంలో ఈ ఊళ్ళో నన్ను మించినవాడు లేడు. ఈ మాట నేను చెప్పుకోవడం కాదు, నా దగ్గర వెయిటింగ్ లిస్టు టికెట్ తీసుకుని, బాత్‌రూం తలుపు పక్కన కూర్చుని చెన్నై దాకా పోయొచ్చినవాళ్ళంతా చెబుతారు. ఈ విద్య నాకు అన్నం పెడుతుందని తెలుసుగానీ కాన్పుల వార్డు దాకా లాక్కెళుతుందని మాత్రం అనుకోలేదు.

మా కాన్పుల వార్డులో ఇరవై మంచాలున్నాయి. కాన్పుకి వచ్చేవాళ్ళు ఎప్పుడూ అంతకు రెట్టింపు ఉంటారు. మంచం దొరకనివాళ్ళు వరండాలో పడుకునేవారు. వాళ్ళ తాలూకు మగాళ్ళు సూపరింటెండెంటు గది ముందు నిలబడి తిట్టేవారు. సూపరింటెండెంటు గారు లోపల గడియ పెట్టుకుని టీ తాగేవారు. ఎంతమంది సూపరింటెండెంట్లు మారినా ఆ టీ మారలేదు, ఆ తిట్లూ మారలేదు. అందరికీ అలవాటైపోయిన ఏర్పాటు అది.

కొత్త సూపరింటెండెంటుగా డాక్టర్ విశ్వంభరం గారు వచ్చాక ఈ ప్రశాంతత చెడింది. ఆయన చెడ్డవాడని కాదు. చెడ్డవాడైతే తలుపేసుకుని టీ తాగి ఊరుకునేవాడు. ఆయనకి ఆలోచనలు వస్తాయి, అదీ చిక్కు.

ఒకసారి ఆయన ఏదో సదస్సుకి ఢిల్లీ వెళ్ళాల్సి వచ్చింది. టికెట్టు నేనే తీశాను. వెయిటింగ్ లిస్టు పడింది. రోజూ పొద్దున్నే రౌండ్స్ కంటే ముందు నా షాపుకి వచ్చి, "ఏమైనా కదిలిందా మస్తాన్‌రావూ?" అని అడిగేవారు. కొద్దికొద్దిగా కదులుతూ వచ్చి, ప్రయాణం రోజు చార్టు వేసే వేళకి కన్ఫర్మ్ అయింది. అదీ కింది బెర్తు. ఆయన కౌంటరు మీద నుంచి వంగి నన్ను కౌగలించుకున్నారు. కూతురికి మెడిసిన్ సీటొచ్చినప్పుడు కూడా ఆయన మొహంలో ఇంత వెలుగు చూడలేదని వాళ్ళావిడ తర్వాత నాతో అంది.

ఆ బెర్తు మీద పడుకుని ఢిల్లీ దాకా ఆలోచించారట. తిరిగొచ్చిన మర్నాడే ఆసుపత్రి సిబ్బందినంతా హాల్లో కూర్చోబెట్టారు. నన్ను కూడా పిలిచారు. నా ముందు బల్ల మీద 'నిరీక్షణా జాబితాల సాంకేతిక నిపుణులు' అని అట్టముక్క పెట్టారు. ఇంట్లో ఎవరూ నన్ను అంత మాట అనలేదు కాబట్టి బుద్ధిగా కూర్చున్నాను.

"రైలులో అందరికీ బెర్తులున్నాయా? లేవు," అన్నారు సూపరింటెండెంటు గారు. "అయిననూ స్టేషన్ మాస్టర్ని ఎవరైనా తిట్టుచున్నారా? లేదు. కారణమేమి? ప్రతి మనిషి చేతిలోనూ ఒక నంబరున్నది. మంచము లేని మనిషి ఆగ్రహించును. నంబరున్న మనిషి ఆశించును. కావున ఈ ఆసుపత్రికి అవసరమైనవి అదనపు మంచములు కావు, అదనపు నంబర్లు."

హాలు చప్పట్లతో మోగిపోయింది. కాన్పుల వార్డు హెడ్ నర్సు సుగుణకుమారి సిస్టర్ మాత్రం చెయ్యెత్తింది.

"సార్, నొప్పులొచ్చిన మనిషి నంబరు మీద పడుకోలేదు గదండీ?"

"సిస్టర్ గారి అభిప్రాయమును నమోదు చేసుకోవడమైనది," అన్నారాయన. ఎక్కడా నమోదు కాలేదు.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. రైల్లో వెయిటింగ్ లిస్టులన్నీ ఒకటి కావు. బండి బయల్దేరే చోటే ఎక్కేవాళ్ళది జనరల్ లిస్టు, అది గబగబా కదులుతుంది. దారిలో వచ్చే పెద్ద ఊళ్ళలో ఎక్కేవాళ్ళది రిమోట్ లిస్టు, అది కదిలితే కదిలినట్టు. మధ్యలో చిన్నాచితకా స్టేషన్లలో ఎక్కి మధ్యలోనే దిగిపోయేవాళ్ళందర్నీ కలిపి ఒకే గంపలో వేస్తే అది పూల్డ్ కోటా. అందులో పడ్డవాడు సంచి సర్దుకోకపోవడమే మంచిది. ఆఖరి నిమిషంలో పరుగెత్తుకొచ్చేవాళ్ళకి తత్కాల్ ఉంది. తత్కాల్లో గనక వెయిటింగ్ పడిందంటే ఆర్ఏసీ కూడా దక్కదు. ఆర్ఏసీ అంటే ఒక బెర్తు మీద ఇద్దరు సర్దుకోవడం.

సూపరింటెండెంటు గారు దీన్నంతా ఉన్నదున్నట్టు వార్డులోకి దించారు. ఆధార్ కార్డులో మా ఊరి చిరునామా ఉన్నవాళ్ళు జనరల్. చుట్టుపక్కల మండలాలవాళ్ళు రిమోట్. చిరునామా వేరేచోట ఉండి, ఇక్కడ ఎవరింటికో వచ్చి పురుడు పోసుకుని తిరిగిపోయేవాళ్ళు మధ్యలో ఎక్కేవాళ్ళ కింద లెక్క, అంటే పూల్డ్ కోటా. సగానికి పైగా మంచాలు జనరల్‌కి పోయాయి, పూల్డ్‌కి రెండంటే రెండే. రైల్వేలో ఉంది కాబట్టి వయోవృద్ధ మహిళలకి కూడా రెండు మంచాలు కేటాయించారు. అరవై దాటిన ఆవిడ ఎవరూ కాన్పుకి రాకపోవడంతో వాటి మీద ఆసుపత్రి పిల్లి పడుకునేది. ఆ మంచాల సంగతి అడిగితే, కోటా ఉన్నంత మాత్రాన వినియోగించుకోవాలని నిబంధన లేదన్నారు.

డాక్టరు రాసిచ్చిన కాన్పు తేదీయే బండి బయల్దేరే సమయం. దానికి నాలుగు గంటల ముందు చార్టు. అనుకున్న తేదీ కంటే ముందే నొప్పులొస్తే ఏం చెయ్యాలో సర్క్యులర్లో ఎక్కడా లేదు. సర్క్యులర్ చదివి వినిపించిన రోజు నేనే లేచి ఆ మాట అడిగాను.

"రైలు ఆలస్యముగా రావచ్చును. ముందుగా బయల్దేరిన రైలును నీ అనుభవములో చూచితివా?" అని ఎదురడిగారు.

చూడలేదు. కూర్చున్నాను.

పథకం దివ్యంగా నడిచింది. గేటు దగ్గర నంబర్లు చూపించే ఎర్రక్షరాల బోర్డు పెట్టారు. తిట్టేవాళ్ళంతా ఆ బోర్డు కిందికొచ్చి నిలబడ్డారు. వరండాలో గొడవ ఆగిపోయి, పేర్లు నమోదు చేసే నా షాపు ముందు క్యూ మొదలైంది.

"మూవ్‌మెంటు ఉందా మస్తానూ?"

"నిన్న పద్నాలుగు, ఇయ్యాల పదకొండు, బాబాయ్."

"అమ్మయ్య. మా అమ్మాయికి నెలలు నిండేలోపు వచ్చేస్తాంలే."

మంచాలు ఎందుకు లేవని అడిగేవాడు ఊళ్ళో లేకుండా పోయాడు. ఒకే మంచం మీద ఇద్దరేసి బాలింతలు ఇదివరకూ పడుకునేవాళ్ళే. అప్పుడు దాన్ని దిక్కులేనితనం అనేవారు. ఇప్పుడు దాని పేరు ఆర్ఏసీ, బోర్డు మీద పేర్లతో సహా వస్తోంది. బోర్డు మీద పేరు చూసుకుని ఫొటో దిగినవాళ్ళు కూడా ఉన్నారు.

వార్డుబాయ్‌గా చేసే లాజరుని 'పడకల తనిఖీ అధికారి' చేశారు. అతనికి నల్ల కోటు కుట్టించారు. మా ఎండల్లో ఆ కోటు వేసుకుని, చెమటలు తుడుచుకుంటూ, మంచాల మధ్య "టికెట్, టికెట్" అంటూ తిరిగేవాడు. ఒకామె పళ్ళు బిగబట్టి నొప్పులు పడుతుంటే, "ఒరిజినల్ చూపించమ్మా, జిరాక్సు చెల్లదు," అన్నాడట. ఆ మాట నా వ్యాపారాన్ని దెబ్బతీసింది కాబట్టి నాకు బాగా గుర్తు.

గేదెల బేరాలు చేసే గురవయ్య నడుం నొప్పితో నా షాపుకి వచ్చింది ఆ రోజుల్లోనే. మగవాళ్ళ వార్డులో మంచం లేదు, అక్కడింకా నంబర్లు కూడా రాలేదు.

"యాడన్నా ఖాళీ ఉందేమో నీ కంప్యూటర్లో చూడు మస్తానూ," అన్నాడు.

చూస్తే ఆసుపత్రి మొత్తానికీ ఖాళీ కనబడింది కాన్పుల వార్డు జనరల్ లిస్టులోనే. రైల్వే నిబంధనల్ని చూసి దించారేమో, జనరల్ కోటాలో 'స్త్రీలు మాత్రమే' అన్న మాట ఎక్కడా లేదు. గురవయ్య ఆధార్ మా ఊరిదే. అతనికి అక్కడికక్కడే కన్ఫర్మ్ అయింది. తొమ్మిదో నంబరు మంచం, ఫ్యాను కింద, తలుపు పక్కనే. లాజరు టికెట్టు చూసి దారిచ్చాడు. సుగుణ సిస్టర్ కేసు షీటు పట్టుకుని ఎగాదిగా చూసింది.

"ఎన్నో నెలయ్యా?"

"నెల కాదమ్మా, మూడేళ్ళ నుంచీ ఇదే నొప్పి."

ఆవిడ సూపరింటెండెంటు గారికి ఫోన్ చేసింది. కన్ఫర్మ్ అయిన మనిషిని దింపే అధికారం ఎవరికీ లేదని ఆయన చెప్పారు. గురవయ్య పేపరు చదువుకుంటూ అక్కడే ఉండిపోయాడు.

జనరల్ లిస్టు అట్లా ఎందుకు ఖాళీగా ఉందో నాకు మా చెల్లెలి సంగతి వచ్చేదాకా వెలగలేదు. మా కోటేశ్వరిని పక్క జిల్లాలో ఇచ్చాం. తొలిచూలు. అందరిలాగే మేమూ ఏడో నెలలో పసుపు కుంకుమలు పెట్టి పుట్టింటికి తీసుకొచ్చాం. పేరు నమోదు చేస్తే పూల్డ్ కోటా వెయిటింగ్ ఏడు అని వచ్చింది. ఏదో పొరపాటు అనుకుని లిస్టు మొత్తం చూశాను. పొరపాటేమీ లేదు. మా వీధి ఆడపడుచులంతా ఆ పూల్డ్‌లోనే ఉన్నారు. పెళ్ళయ్యాక అందరి ఆధార్లూ అత్తగారి ఊళ్ళకి మారిపోయాయి మరి. మా ఊరి కోడళ్ళు జనరల్‌కి అర్హులేగానీ, వాళ్ళంతా పురిటికి వాళ్ళ పుట్టిళ్ళకి పోయి అక్కడ కూర్చున్నారు. రావడానికి వీల్లేనివాళ్ళకి డజను మంచాలు ఇచ్చి, వచ్చేవాళ్ళందరికీ రెండు మంచాలు ఉంచారన్నమాట.

కోటేశ్వరికి బీపీ ఉంది. స్కానింగ్ చేసిన డాక్టరమ్మ, "ఇంట్లో ఉంచి ప్రయోగాలు చెయ్యకండి, నొప్పులు మొదలవగానే ఆసుపత్రిలో ఉండాలి, లేకపోతే తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ ప్రమాదం," అని గట్టిగా చెప్పింది. ప్రైవేటు ఆసుపత్రి మా తాహతుకి మించింది. పరుగున సూపరింటెండెంటు గారి గదికి వెళ్ళి ఈ తిరకాసంతా విప్పి చెప్పాను.

"మస్తాన్‌రావూ, నిపుణుడవు, నీవే ఇట్లు మాట్లాడిన ఎట్లు?" అన్నారాయన, ఎంతో సహనంగా. "వివాహిత స్త్రీ ప్రయాణము అత్తవారింట మొదలై అత్తవారింట ముగియును. పుట్టిల్లు మధ్యలో వచ్చు స్టేషను. మధ్యలో ఎక్కి మధ్యలో దిగు వారికి పూల్డ్ కోటా వర్తించునని ఏడవ పేరాలో స్పష్టపరచడమైనది."

"జనరల్ మంచాలు ఖాళీగా ఉన్నాయి గదండీ సార్, వాటిల్లో..."

"ఖాళీ అని ఎవరన్నారు? అవి జనరల్ వారితో నిండియున్నవి. వారు రాకపోవుట వేరే విషయము."

"పోనీ వాళ్ళొచ్చేదాకా..."

"పరుపులు కూడా చుట్టించి స్టోరులో తాళము వేయించితిని. అనధికారముగా ఎవరైనా ఎక్కెదరని." ఆయన లేచి నా భుజం తట్టారు. "ఏడు మంచి నంబరు. ఆశ వదులుకొనవద్దు. నాకు ఢిల్లీకి అంతకంటె పెద్ద నంబరు వచ్చినది."

నంబరు మాట విని మా చెల్లెలి అత్తగారు ఆదెమ్మ సంచి పట్టుకుని దిగింది. మా అమ్మా ఆవిడా అప్పటిదాకా వదినా వదినా అంటూ ఒకరికొకరు వక్కాకు చుట్టిచ్చుకునేవాళ్ళు.

"మా ఊళ్ళో ఉంచితే జనరల్లో ఉండేది గదొదినా," అంది ఆదెమ్మ. "మీ ముచ్చట కోసం తీసుకొచ్చి పిల్లని మధ్య స్టేషను చేశారు."

"మధ్య స్టేషనా?" మా అమ్మ లేచి నిలబడింది. "నేను కన్నాను దాన్ని. అసలది బయల్దేరిందే ఈ ఇంట్లో నుంచి. మధ్యలో వచ్చింది మీ ఊరు!"

అంతే, ఇద్దరికీ మాటల్లేవు. ఒకే ఇంట్లో ఒకావిడ తూర్పు వసారాలో, ఒకావిడ పడమటి గదిలో. మధ్యలో కోటేశ్వరి నిండు కడుపుతో కూర్చుని నన్ను రోజూ, "మూవ్‌మెంటు ఉందా అన్నా?" అని అడిగేది. నవ్వుతూనే అడిగేదిగానీ కాళ్ళు వాచిపోయి ఉండేవి. అవి చూస్తే నాకు నవ్వు వచ్చేది కాదు.

నెమ్మదిగా ఆ ఏడు కరిగి ఒకటికి వచ్చింది. డాక్టరు రాసిన తేదీ గురువారం. నొప్పులు మాత్రం బుధవారం పొద్దున, ఇడ్లీలు తింటుండగా మొదలయ్యాయి. నేనూ, మా అమ్మా, ఆదెమ్మా ఆటోలో తీసుకెళ్ళాం. వార్డు గుమ్మంలో లాజరు రెండు చేతులూ చాచి నిలబడ్డాడు.

"పూల్డ్ ఒకటన్నా. చార్టు రేపు. వెయిటింగోళ్ళని లోపలికి పంపితే నా కోటు ఊడబీకుతారు. నీకు తెలియందేముంది?"

"నొప్పులు పడుతోందిరా లాజరూ!"

"అందుకే గదన్నా తత్కాల్ పెట్టింది. పదింటికి తెరుస్తారు. ఎల్లు, గబగబా ఎల్లు."

కోటేశ్వరిని వరండా బల్ల మీద కూర్చోబెట్టి షాపుకి ఉరికాను. పదింటిదాకా కంప్యూటరు ముందు కూర్చుని గడియారం చూశాను. పది కొట్టగానే నొక్కాను. తెర మీద చక్రం తిరిగింది, తిరిగింది, తిరుగుతూనే ఉంది. ఊళ్ళోవాళ్ళకి ఎన్ని వందల టికెట్లు తీసుంటానో, ఒక్కసారి కూడా ఆ చక్రాన్ని చూసి ఏడవలేదు. ఆ రోజు ఏడ్చాను. చివరికి తత్కాల్ వెయిటింగ్ రెండు అని వచ్చింది.

తిరిగొచ్చి చూపిస్తే లాజరు తల అడ్డంగా ఊపాడు. "తత్కాల్ వెయిటింగైతే ఆర్ఏసీ కూడా రాదన్నా. ఊరందరికీ చెప్పింది నువ్వే గదా."

కోటేశ్వరి నా మణికట్టు పట్టుకుంది. పెదాలు తెల్లబడిపోయాయి. "అన్నా, కళ్ళు తిరుగుతున్నయ్. నాకు భయంగా ఉందన్నా," అంది. తెరిచిన తలుపులోంచి లోపల జనరల్ కోటా ఇనుప మంచాల వరస కనబడుతోంది, పరుపుల్లేకుండా. ఒక్క తొమ్మిదో నంబరు మీద పరుపుంది. దాని మీద గురవయ్య బోర్లా పడుకుని పేపరు తిరగేస్తున్నాడు. నాకు ఆ ఆసుపత్రిని ఇటుక ఇటుకా ఊడదియ్యాలన్నంత కోపం వచ్చింది.

సరిగ్గా అప్పుడే సూపరింటెండెంటు గారు వచ్చారు. ఆయన వెనక వేరే జిల్లా నుంచి మా పథకం చూసిపోవడానికి వచ్చిన అధికారులు, మెడలో దండలతో సహా. ఆయన మా చెల్లెలి ముందు ఆగారు.

"ఈమె పూల్డ్ ఒకటి. అనగా పూల్డులో తదుపరి అవకాశము ఈమెదే. పూర్వము ఇటువంటి స్త్రీలు వరండాలో నిరాశగా పడియుండెడివారు. ఇప్పుడు గమనించుడు."

కోటేశ్వరి ప్రాణం పోయేట్టు ఒక్క కేక పెట్టింది.

"ఆశాభావము," అన్నారాయన. అధికారులు రాసుకున్నారు.

ఆ కేకకి తూర్పు వసారా, పడమటి గది ఒకటయ్యాయి.

"వదినా, ఆ రెక్క పట్టుకో," అంది ఆదెమ్మ. అన్ని రోజుల తర్వాత మా అమ్మతో ఆవిడన్న మొదటి మాట అది. మా అమ్మ పట్టుకుంది. ఇద్దరూ కలిసి పిల్లని లేపారు. లాజరు అడ్డం వచ్చాడు.

"కోటు తీసుకుని పక్కకి పోతావా, దాంతోనే పసిబిడ్డని తుడవమంటావా?" అంది ఆదెమ్మ.

లాజరు కోటు కాపాడుకున్నాడు. లోపల్నుంచి సుగుణ సిస్టర్ పరుగున వచ్చి చూసి, "తల కనబడతా ఉంది. లిస్టు సంగతి తర్వాత చూద్దాం, ముందు పడుకోబెట్టండి," అంది. పరుపున్న మంచం, తలుపు పక్కన మంచం, ఒక్కటే.

"నాది కన్ఫర్మండీ!" గురవయ్య టికెట్టు పైకెత్తాడు.

"లేస్తావా, పక్కన సర్దుకుంటావా?" అంది ఆదెమ్మ.

గురవయ్య లేవడం నేను చూడలేదు. కిటికీ అవతల చెప్పుల్లేకుండా నిలబడి ఉండగా చూశాను. ఆ గెంతుతో మూడేళ్ళ నడుం నొప్పి పోయింది, ఈ పథకంలో పూర్తిగా నయమైన రోగి అతనొక్కడే. మంచం చుట్టూ తెరలు లాగారు. సుగుణ సిస్టర్ ఇంజెక్షన్లు అడగడం, మా అమ్మ దేవుళ్ళని పేరుపేరునా పిలవడం, ఆదెమ్మ "ఇంకొక్కసారమ్మా, ఇంకొక్కసారి" అనడం వినబడ్డాయి. తర్వాత ఏమీ వినబడలేదు. ఆ కాసేపూ నేను బతికి లేను. ఆ తర్వాత పసిపిల్ల ఏడ్చింది.

అదే సమయంలో నా జేబులో ఫోను మోగింది. తత్కాల్ చార్టు పడిందట. బయటికొచ్చిన ఆదెమ్మకి చదివి వినిపించాను. 'మీ నిరీక్షణ ఖరారు కానందున మీ కాన్పు రద్దు చేయబడినది. మరల ప్రయత్నించగలరు. అసౌకర్యమునకు చింతించుచున్నాము.'

"రద్దయిందా?" ఆదెమ్మ చెవి తెర వైపు పెట్టింది. "మరి ఆ ఏడ్చేదెవరంట?"

ఆ ప్రశ్నకి జవాబు కోసం ఆసుపత్రి చాలా కష్టపడింది. ఆడపిల్ల, తల్లీ బిడ్డా క్షేమం. ఆ సంతోషంలో మేం మిగతావి పట్టించుకోలేదు. పుట్టిన సర్టిఫికెట్టు నా షాపులోనే ప్రింటు తీశాను. తీసి చదివి, మెషిను చెడిందేమోనని ఇంకోటి తీశాను. రెండింట్లోనూ ఒకటే ఉంది. తల్లి పేరు: గురవయ్య. తండ్రి పేరు: వర్తించదు.

అందులో ఎవరి తప్పూ లేదు. చార్టు ప్రకారం తొమ్మిదో మంచం గురవయ్యది. సిస్టర్ రిపోర్టు ప్రకారం తొమ్మిదో మంచం మీద ఆడపిల్ల పుట్టింది. కోటేశ్వరి కాన్పు రద్దయింది. కంప్యూటరు ఈ మూడూ కూడి తేల్చింది. గురవయ్యని వెంటబెట్టుకుని సూపరింటెండెంటు గారి దగ్గరికి వెళ్ళాను.

"చార్టు వేసిన పిదప పేరు మార్చుటకు వీలులేదు," అన్నారాయన. "ఖరారైన టికెట్టును బదిలీ చేయవచ్చును గానీ రక్తసంబంధీకులకు మాత్రమే."

గురవయ్య ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "రాసుకోండి సార్. ఆ కోటేశ్వరి నా చెల్లెలు."

నాకు అతని మీద ఉన్న కోపమంతా అక్కడే పోయింది. సూపరింటెండెంటు గారు మాత్రం నిట్టూర్చారు.

"బదిలీ దరఖాస్తు బయల్దేరుటకు ముందే ఇవ్వవలెను. ఇక్కడ బిడ్డ వచ్చి చేరినది కూడా. కావలసినచో దిద్దుబాటు కొరకు వేరే జాబితాలో నమోదు చేసుకొనవచ్చును."

నమోదు చేశాను. తల్లి ఆధార్ అత్తగారి ఊరిది కాబట్టి అదీ పూల్డ్ కోటాలోనే పడింది. ఆ నెల ఆసుపత్రి నివేదికలో 'పురుషులలో సుఖప్రసవములు: ఒకటి' అని వెళ్ళింది. పైనుంచి ప్రశంసాపత్రం వచ్చింది. మిగతా ఆసుపత్రులు కూడా ఆ దిశగా కృషి చేయాలని అందులో రాశారు.

ఇరవయ్యొకటో రోజున పిల్లని ఉయ్యాల్లో వేశాం. గురవయ్య గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. చేతిలో ఆసుపత్రివాళ్ళు బాలింతలకిచ్చే సంచి. పిల్ల చొక్కాలు, చిన్న దోమతెర, సబ్బు ఉన్నాయి అందులో. అతని పేరు మీద వచ్చిందట.

"మా బేరాలోళ్ళంతా ఎగతాళి చేసి నన్ను బజార్లో నడవనియ్యట్లేదు తల్లీ," అన్నాడు, తలొంచుకుని సంచి కోటేశ్వరి ముందు పెడుతూ. "పొరపాటున నా పేరెక్కింది. ఎవరడిగినా నేను కనలేదనే చెబుతా. నీ బిడ్డ నీదే."

కోటేశ్వరి సంచి అందుకుంది. ఈలోపు ఆదెమ్మ వంటింట్లోంచి బాలింతలకి పెట్టే కాయం ముద్ద తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"తినయ్యా. పచ్చి బాలింతవి, ఎండన పడొచ్చావు. నడుం గట్టిపడాలి."

మా అమ్మ నవ్వింది. చూస్తుండగానే ఇద్దరు వియ్యపురాళ్ళూ ఒకరి భుజం మీద ఒకరు పడి నవ్వారు. గురవయ్య బుద్ధిగా కాయం తిన్నాడు, ఘాటుకి మొహం కూడా చిట్లించలేదు. నేను ఫోను తీసి అలవాటుకొద్దీ దిద్దుబాటు లిస్టు చూశాను. నిన్నటి నంబరే ఉంది.

కోటేశ్వరి సర్టిఫికెట్టు ఇమ్మని చెయ్యి చాపింది. తన పేరు లేని ఆ కాగితాన్ని చాలాసేపు చూసింది. పిల్ల ఒళ్ళో కదిలితే చెంగు సర్ది దగ్గరికి తీసుకుంది.

"పోనీలే అన్నా," అంది. "ఆ నొప్పులు మాత్రం ఏ వెయిటింగూ లేకుండా నాకే కన్ఫర్మ్ అయినయ్ గదా."